‘లోపం కనబడలేదు’ అని రాసిన పదకొండు కేబుళ్ళు

ఇరవై ఏడేళ్ళు నేను కేబుళ్ళ మీద బతికాను. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రపు ట్రాయ్ ఊళ్ళో మన తెలుగువాళ్ళ ఇళ్ళకి భోజనానికి వెళ్ళినప్పుడు ఎవరైనా “మీరేం చేస్తుంటారండీ?” అని అడిగితే “కేబుల్స్” అనేదాన్ని. వెంటనే వాళ్ళింట్లో ఇంటర్నెట్ ఎందుకు నెమ్మదిగా వస్తోందో చూడమనేవారు. ఒకాయనైతే వాళ్ళ పాప పుట్టినరోజు పార్టీ మధ్యలో నన్ను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి రౌటర్ చూపించాడు. నావి ఆ కేబుళ్ళు కావు. స్కూటర్ యాక్సిలరేటర్ తిప్పితే ఆ కదలికను ఇంజిన్ దాకా మోసుకెళ్ళే సన్నటి ఉక్కు తీగ ఉంటుంది చూడండి, పైన నల్లటి ప్లాస్టిక్ తొడుగుతో, అలాంటివి. సరిగ్గా పనిచేసినంత కాలం అదొకటి ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు.

కొత్తగా ఇంజినీర్లయిన పిల్లలు ఇప్పుడు నన్ను అడిగేది ఒకటే. “ఆంటీ, మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ సక్సెస్ ఏంటి?” వాళ్ళకి ఇంటర్వ్యూల అలవాటు. నాకు మాత్రం ఆ ప్రశ్న వినగానే గుర్తొచ్చేది, ఒక చలికాలంలో నేను వరసగా పదకొండు సార్లు తప్పు రాసి సంతకం పెట్టిన సంగతి. అదే మీకు చెబుతాను.

మా కంపెనీ పెద్దదేమీ కాదు. వాహనాలు తయారుచేసే వాళ్ళకు కేబుళ్ళు చేసి అమ్మేవాళ్ళం. టెస్టింగ్ విభాగం నా చేతిలో ఉండేది. కేబుల్ బాగుందో లేదో చెప్పే చివరి సంతకం నాది. ఆ ఏడాది మా కేబుల్ ఒక ఆఫ్‌రోడ్ వాహనంలోకి వెళ్ళింది. మోటార్‌సైకిల్ మీద కూర్చున్నట్టే కూర్చుంటారు గానీ దానికి లావుపాటి చక్రాలు నాలుగుంటాయి. పొలాల్లో, అడవి దారుల్లో, గడ్డకట్టిన చెరువుల మీద కూడా పోతుంది. చలికాలంలో ముందు ఒక ఇనప పలక తగిలించుకుని ఇంటి ముందు మంచు తోసుకుంటారు. హ్యాండిల్‌కి కుడివైపున చిన్న లివర్ ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కితే వేగం పెరుగుతుంది. వేలు తీసేస్తే ఒక స్ప్రింగ్ తీగను వెనక్కి లాగేసి ఇంజిన్ జోరు తగ్గిస్తుంది. తీగ తొడుగులో ఇరుక్కుపోయిందనుకోండి, వేలు తీసినా బండి ఆగదు.

డిసెంబరులో మొదటి కేబుల్ తిరిగొచ్చింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టచుట్టి, మీద ఒక చీటీతో. ‘వేలు తీశాను. స్పీడు తగ్గలేదు’ అని రాసి ఉంది. నేను దాన్ని మా కోల్డ్ చాంబర్‌లో పెట్టాను. చాంబర్ అంటే గదంత ఫ్రిజ్ అనుకోండి. దాన్ని కొనిపించడానికి మా డైరెక్టర్‌తో రెండేళ్ళు పోట్లాడాను, అందుకని అదంటే నాకు కొంచెం గర్వం. మైనస్ నలభై దాకా చల్లబరిచాను. ఆ అంకె దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకటే అవుతాయి, ఎవరితోనూ వాదన ఉండదు. అంత చలిలోనూ తీగ వెన్నలా జారింది. రిపోర్టులో ‘లోపం కనబడలేదు’ అని రాసి సంతకం పెట్టాను.

జనవరి మూడో వారానికి అలాంటి సంచులు పదకొండు వచ్చాయి. పదకొండింటికీ అదే పరీక్ష, అదే వాక్యం. చివరి వాటికి ఇంకో ముక్క కూడా చేర్చాను: ‘వాడినవారు లివర్‌ను సరిగా వదలకపోయి ఉండవచ్చు.’

వారంటీ డెస్క్‌లో మాతో ఒక తెలుగమ్మాయి పనిచేసేది. ముప్పై దాటి ఉంటాయి. కరీంనగర్ వైపు నుంచి వచ్చి, ఇక్కడే మాస్టర్స్ చేసి, హెచ్-వన్ వీసా మీద ఉద్యోగంలో ఉంది. తిరిగొచ్చిన ప్రతి కేబుల్‌తో వచ్చే ఫిర్యాదు కాగితాలు చదివి నమోదు చెయ్యడం ఆమె పని. ఒకరోజు లాప్‌టాప్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“అక్కా, రెండు నిమిషాలు టైం ఉందా? ఒకటి చూపిస్త.”

“చూపించు.”

“ఈ కంప్లయింట్లన్నీ నేను చదివిన. అలాస్కా నుంచి ఒక్కటి కూడా రాలే. మస్తు చలి ఉండే దగ్గర కేబుల్ మంచిగనే ఉంది. మనకొచ్చినయి అన్నీ చలి కొంచెం తగ్గి, మంచు కరిగి, మళ్ళ ఫ్రీజ్ అయ్యే ఏరియాల నుంచే వచ్చినయ్. ఇంకోటి. వీళ్ళల్ల చానామంది ‘బండిని బాగా చూసుకుంటం, హీటెడ్ గరాజ్‌ల పెడతం’ అని రాసిన్రు. నాకేదో తేడా కొడ్తుంది అక్కా.”

నేను కుర్చీలో వెనక్కి వాలి అన్నాను. “ఫిర్యాదు చేసేవాళ్ళు అందరూ అలాగే రాస్తారమ్మా. ‘నేను బండిని అస్సలు పట్టించుకోను’ అని ఎవరైనా రాస్తారా?”

ఆమె నవ్వింది. “అది కూడా నిజమే అక్కా” అని లాప్‌టాప్ మూసుకుని వెళ్ళిపోయింది.

జోకు బాగానే పేలింది. అందుకే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కసురుకుని ఉంటే ఆమె మళ్ళీ వచ్చి వాదించేదేమో. నవ్వించి పంపేశాను కాబట్టి మళ్ళీ రాలేదు.

రెండో హెచ్చరిక మా టెక్నీషియన్ నుంచి వచ్చింది. ఆయనకి అప్పటికే అరవై దాటాయి. మిషిగన్ ఉత్తరాన, పెద్ద వంతెన దాటాక వచ్చే మంచు ప్రాంతంలో పుట్టి పెరిగిన మనిషి. హైస్కూలుతో చదువు ఆపేశాడు. మాట తక్కువ. కాఫీ కప్పుతో చాంబర్ కిటికీలోంచి నా కేబుల్‌ని చూస్తూ అన్నాడు.

“చలికి కేబుల్ బిగుసుకోదు. నీళ్ళకి బిగుసుకుంటుంది.”

“నీళ్ళ పరీక్ష కూడా పాసయింది కదా. మీరే చేశారు.”

“అవును. మామూలు గదిలో చేశాను. వేసవిలో.”

అంతే చెప్పి కప్పు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నీళ్ళ పరీక్ష ఒకటి, చలి పరీక్ష ఒకటి. రెంటికీ రెండు ఫైళ్ళు, రెండు సంతకాలు. తడిసిన కేబుల్‌ని చలిలో పెట్టమని ఏ కాగితంలోనూ లేదు. కాగితంలో లేని పని చెయ్యాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఇంతలో పదకొండో కేబుల్ సొంతదారు నుంచి ఫోను వచ్చింది. వంతెన అవతల ఒక చిన్న ఊళ్ళో ఉండే ఆవిడ, వయసు డెబ్బై పైనే. జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరయింది. ఇప్పుడు ఆ నాలుగు చక్రాల బండితో తన వాకిలీ, ఇరుగుపొరుగు వాకిళ్ళూ మంచు తోస్తుంది. వేలు తీసినా బండి ఆగక, సొంత పొలం కంచెనే తెంచుకుని అవతల పడింది. దెబ్బలు తగల్లేదు. మా కంపెనీ పంపిన జవాబు ఆవిడ చేతికి అందిందట. నా పేరూ నంబరూ అందులోనే ఉన్నాయి.

“ఈ ఉత్తరం రాసింది మీరేనా?”

“అవునండీ.”

“నేను లివర్ సరిగా వదల్లేదేమో అన్నారు. అమ్మా, మంచులో, పిల్లలతో నిండిన బస్సు నడిపినదాన్ని నేను. ఇన్నేళ్ళలో నా మీద ఆ మాట ఎవరూ అనలేదు. మా ఆయన కూడా అనలేదు, ఆయన చాలా మాటలు అనేవాడు.”

చాంబర్ గురించి చెప్పాను. మైనస్ నలభై గురించి చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని అంది. “ఆ చాంబర్‌ని ఇక్కడికి తీసుకురాలేరు కదా. మీరే రండి.”

అదే వారం మా డైరెక్టర్ పిలిచాడు. వాహనం కంపెనీవాళ్ళు తుది జవాబు అడుగుతున్నారు. తప్పు కేబుల్‌దా, నడిపేవాళ్ళదా, సోమవారం కల్లా తేల్చి చెప్పాలి. “పదకొండు రిపోర్టులున్నాయి కదా, ఒక పేజీలో సమరైజ్ చేసి సైన్ చేసెయ్యండి” అన్నాడు. పేజీ టైప్ చేశాను. పెన్ను కూడా తీశాను. టెక్నీషియన్ అటుగా పోతూ ఆ కాగితం వైపు చూశాడు.

“సంతకం పెట్టేముందు ఆవిడ ఇంటికి ఒకసారి వెళ్ళొద్దాం. ట్రక్కు నేను నడుపుతాను. ఆ రోడ్లు నాకు తెలుసు.”

ఆ మాట వినపడి వారంటీ అమ్మాయి తన డెస్క్ దగ్గర నుంచే అడిగింది, “నేను కూడా రావొచ్చా అక్కా?”

గురువారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. ఆరు గంటల ప్రయాణం. అమ్మాయి బియ్యప్పిండితో సర్వపిండి కాల్చి తెచ్చింది. మధ్యమధ్యలో చిల్లులున్న ఆ బిళ్ళని టెక్నీషియన్ రెండు వేళ్ళతో ఎత్తి, చిల్లులోంచి రోడ్డు చూసి, “ఇది నట్టు బిగించడానికా, తినడానికా?” అన్నాడు. తిన్నాక ఇంకో రెండు అడిగి పుచ్చుకున్నాడు. వంతెన మీద గాలి ట్రక్కుని పక్కకి తోస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. వాళ్ళిద్దరూ మాత్రం కేబుల్ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను కొట్టిపారేసిన మాటలు ఆమె ఆయనతో చెబుతోంది. ఆయన ప్రతిదానికీ తల ఊపుతున్నాడు. ఇద్దరి దగ్గరా చెరో సగం జవాబు ఉంది. ఇన్నాళ్ళూ ఆ రెండు సగాలూ నా బల్ల దగ్గరికే వచ్చి తిరిగి వెళ్ళిపోయాయని ముందు సీట్లో కూర్చుని అప్పుడు గ్రహించాను.

శుక్రవారం పొద్దున ఆవిడ ఇంటికి వెళ్ళాం. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు బిగించి కట్టుకుని, మగవాళ్ళ కోటు తొడుక్కుంది. ఇంట్లోకి రమ్మనకుండా నేరుగా గరాజ్‌కి తీసుకెళ్ళింది. తలుపు తియ్యగానే వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. గరాజ్ అద్దంలా ఉంది. పనిముట్లన్నీ సైజుల వారీగా గోడకి వేలాడుతున్నాయి. మధ్యలో బండి. దాని మీద బురద చుక్క కూడా లేదు.

“ఇంత శుభ్రంగా ఎలా ఉంచుతారు?” అన్నాను.

“రోజూ సాయంత్రం గోరువెచ్చని నీళ్ళతో కడుగుతాను. బస్సునీ ఇలాగే కడిగేదాన్ని. ఇరుక్కున్న మంచంతా కరిగి పోవాలి కదా. పొద్దునకి ఆరిపోతుంది.”

అమ్మాయి నా వైపు చూసింది.

“పక్కింటాయనకి కూడా ఇదే బండి ఉంది” అంటూ ఆవిడ కిటికీలోంచి చూపించింది. సగం చిరిగిన టార్పాలిన్ కింద, మంచులో కూరుకుపోయి ఉంది. “వేసవి నుంచి ఒక్కసారి కూడా కడగలేదు. బద్ధకస్తుడు. అతనిది ఒక్కనాడూ ఇరుక్కోలేదు. ఇదెక్కడి న్యాయం?”

అక్కడే ఆగి ఉంటే సరిపోయేది. కానీ పదకొండు సార్లు కాగితం మీద రాసిన మనిషిని. నేనే నడిపి చూస్తానన్నాను. టెస్ట్ ట్రాక్ మీద వేసవిలో నడిపిన అనుభవం ఉంది. మంచులో ఎప్పుడూ నడపలేదు. కొత్త కేబుల్ వేయించాక కూడా ఆవిడకి బండి మీద నమ్మకం కుదరలేదట. “మీ ఇష్టం” అని తాళం ఇచ్చింది. టెక్నీషియన్ నా హెల్మెట్ పట్టీ బిగించి, ఎడమచేతి వైపున్న ఎర్ర స్విచ్ చూపించాడు. “ఏమైనా అయితే ఇది నొక్కండి. ఇంజిన్ చచ్చిపోతుంది.”

మొదటి రెండు చుట్లు హాయిగా సాగాయి. తెల్లటి పొలం, అవతల బర్చ్ చెట్లు, చెట్ల ముందు ఆవిడ కొత్తగా బాగుచేయించుకున్న కంచె. లివర్ నొక్కితే పరుగెత్తుతోంది, వదిలితే తగ్గుతోంది. చూశారా, నేను చెప్పలేదూ అని నాలో నేను అనుకున్నాను కూడా. మూడో చుట్టులో పొలం పొడుగునా లివర్‌ని ఒకేలా నొక్కిపట్టి పోతున్నాను. గాలి మోకాళ్ళని కోస్తోంది. చివర మలుపు దగ్గర వేలు తీశాను.

బండి తగ్గలేదు.

మళ్ళీ నొక్కి వదిలాను. లివర్ వదులుగా వేలాడింది, అవతల దాన్ని ఎవరూ పట్టుకోనట్టు. బ్రేకు నొక్కాను. ఇంజిన్ బ్రేకుతో కుస్తీ పట్టింది, వెనక చక్రాలు పక్కకి జారాయి. కంచె కర్రలు ఒక్కొక్కటిగా పెద్దవవుతున్నాయి. ఎర్ర స్విచ్ సంగతి నాకు గుర్తు లేదు. నిజంగా లేదు. పదిహేనేళ్ళుగా అలాంటి స్విచ్‌ల గురించి మా కేబుళ్ళతో పంపే సూచనల కాగితాల్లో రాస్తూ వచ్చినదాన్ని. దూరం నుంచి టెక్నీషియన్ గొంతు వినిపించింది. అంత మెల్లగా మాట్లాడే మనిషి అరిచాడు: “ఎరుపు! ఎరుపు!”

నొక్కాను. చప్పుడు ఆగిపోయింది. బండి కంచెకి రెండు బారల దూరంలో ఆగింది. రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని కూర్చునే ఉన్నాను. అమ్మాయి మంచులో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చి నా హెల్మెట్ తీసి, “అక్కా, ఏం కాలే కదా? ఏమన్న చెప్పు అక్కా” అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది.

టెక్నీషియన్ ఆవిడ అనుమతి తీసుకుని, బండిని లోపలికి తీసుకెళ్ళకుండా అక్కడే, ఆ గాలిలోనే, గ్లోవ్స్ విప్పేసి కేబుల్ ఊడదీశాడు. ఇంజిన్ ముందు భాగంలో, చలిగాలి నేరుగా తగిలేచోట, కేబుల్ కిందికి వంగి మళ్ళీ పైకి లేస్తుంది. ఆ వంపు దగ్గర తొడుగుని చాకుతో చీల్చాడు. లోపల తీగని కరుచుకుని సగ్గుబియ్యం గింజంత మంచు ముక్క. దాన్ని చాకుమొనతో లేపి నా అరచేతిలో పెట్టాడు. నేను చూస్తుండగానే అది నీటిచుక్క అయింది. కాసేపటికి అదీ లేదు.

నా చాంబర్‌కి వచ్చిన పదకొండు కేబుళ్ళ సాక్ష్యం అలాగే పోయింది. వెచ్చటి ట్రక్కుల్లో, వెచ్చటి గోడౌన్లలో ప్రయాణం చేసి, నా దాకా వచ్చేసరికి ఎండిపోయి, ఏ పాపం ఎరగనట్టు వెన్నలా జారేవి. సంగతి ఇంతే. కడిగిన నీరూ, కరిగిన మంచూ లివర్ దగ్గరి సందులోంచి దిగి ఆ వంపులో నిలబడతాయి. వెచ్చటి గరాజ్‌లో అవి నీళ్ళే. బయటికొచ్చి తీగ కదలకుండా కాసేపు ఒకేచోట ఉంటే గడ్డకడతాయి. ఎప్పుడూ బయటే పడి ఉన్న పక్కింటాయన బండిలో మంచు కరగనే కరగదు కాబట్టి లోపలికి పోయేదీ లేదు.

వంటింట్లో కూర్చోబెట్టి ఆవిడ మాకు కాఫీ ఇచ్చి, తినడానికి ఒకటి పెట్టింది. దాన్ని ఆ ప్రాంతంలో పాస్టీ అంటారు, కజ్జికాయ ఆకారంలో పెద్దగా ఉంటుంది, లోపల బంగాళాదుంపల కూర. మేము మాంసం తినమేమోనని ముందే ఆలోచించి విడిగా చేసిందట. “నన్ను క్షమించండి” అన్నాను.

“క్షమాపణ సరే. ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకోండి. కాగితం మీద.”

“తీసుకుంటాను.”

“మిగతావాళ్ళకి కూడా రాశారా ఇలాంటివి?”

“పది మందికి.”

ఆవిడ నా కప్పులో ఇంకొంచెం కాఫీ పోసింది. “అయితే మీకు చాలా పని ఉంది” అంది.

సోమవారం మా డైరెక్టర్ నా కొత్త పేజీ చదివి కళ్ళద్దాలు తీసేశాడు. “మన టెస్టే తప్పని మనమే రాసివ్వాలా?” అన్నాడు. చెడ్డమనిషి కాదు. భయపడ్డాడు, అంతే. నేనూ భయపడ్డాను. కానీ శుక్రవారం కంచె దగ్గర పడ్డ భయం ముందు ఇది చిన్నది. “మీరు రాయొద్దు, నేను రాస్తున్నాను, సంతకం నాదే” అన్నాను. ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, తనూ పక్కన సంతకం పెట్టాడు. ఆ పని ఆయన చెయ్యనక్కర్లేదు. అందుకే ఆయన్ని ఇప్పటికీ గౌరవిస్తాను.

ఆ పేజీ మొదటి పేరాలో, ఈ కారణాన్ని ముందుగా గుర్తించినది ఫలానా అని అమ్మాయి పేరు రాశాను. చూపిస్తే ఆమె ముఖం మారిపోయింది.

“నా పేరు వద్దు అక్కా. నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌ల ఉంది. ఎవరికన్న కోపమొస్తే? జాబ్ పోతే సిక్స్టీ డేస్ల నేను సామాన్లు సర్దుకోవాలె.”

ఒత్తిడి చెయ్యలేదు. నాకు అప్పటికి పౌరసత్వం వచ్చి చాలా కాలమైంది. ధైర్యంగా ఉండడం నాకు తేలిక, ఆమెకి కాదు. ఆలోచించుకోమన్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చి నా బల్ల మీద చెయ్యి పెట్టి నిలబడింది.

“రాయి అక్కా. కానీ స్పెల్లింగ్ కరెక్ట్‌గ రాయి. పోయినసారి మీటింగ్ నోట్స్‌ల ఒక లెటర్ ఎక్కువ కొట్టినవ్.”

ఎవరికీ కోపం రాలేదు. ఎక్స్‌టెన్షన్ మే నెలలో వచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి, అయినా ఆ రోజు ఇద్దరం లంచ్‌కి బయటికి వెళ్ళాం.

వాహనం కంపెనీ ఆ చలికాలంలోనే డీలర్లందరికీ కబురు పెట్టి, బండ్లు పిలిపించి కేబుళ్ళు మార్చడానికి ఒప్పుకుంది. కానీ ఏం కేబుల్ వెయ్యాలి? నా మొదటి పరిష్కారం గ్రీజు. తొడుగు నిండా గ్రీజు కూరితే నీళ్ళకి చోటే ఉండదు కదా అనుకున్నాను. చాంబర్‌లో పెడితే గ్రీజే గట్టిపడి తీగని పట్టేసుకుంది. టెక్నీషియన్ కిటికీలోంచి చూసి, “బాగుంది. ఇప్పుడు నీళ్ళు కూడా అక్కర్లేదు” అన్నాడు. ఆ మాటకి నేను కూడా పడిపడి నవ్వాను. ఆ నెలలో నేను నవ్వింది అప్పుడే.

చివరికి కుదిరింది చాలా మామూలు సంగతి. లివర్ దగ్గర నీళ్ళు దిగే సందుకి బిగుతైన రబ్బరు తొడుగు. కేబుల్‌కి కిందికి వంగే వంపు లేకుండా కొత్త దారి. తప్పనిసరైన చోట, అడుగున నీళ్ళు కారిపోవడానికి సన్నటి గాటు. ఇక కొత్త పరీక్ష: తడపడం, గడ్డకట్టించడం, కరిగించడం, మళ్ళీ గడ్డకట్టించడం. రెండు ఫైళ్ళనీ ఒకటి చేశాం. దానికోసం టెక్నీషియన్ ఒక తోటకి నీళ్ళు పెట్టే పైపుని నా ఖరీదైన చాంబర్‌లోకి చిల్లు పెట్టి దూర్చాడు. ఆ చిల్లు చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. కానీ ఆ చాంబర్ నిజంగా పనికొచ్చింది ఆ చిల్లు పడ్డాకే.

బండ్లతో ఇవ్వడానికి ఒక సూచనల కార్డు కూడా కావాల్సి వచ్చింది. మా ఇంజినీర్లం కలిసి రాస్తే రెండు పేజీలైంది. దాన్ని బస్సావిడకి పంపి అభిప్రాయం అడిగాను. ఎర్ర పెన్నుతో అన్నీ కొట్టేసి, అడుగున తన చేతిరాతతో నాలుగు వాక్యాలు రాసి తిప్పి పంపింది. ‘లివర్ మీద నీళ్ళు కొట్టొద్దు. తడిస్తే పూర్తిగా ఆరనిచ్చి, లివర్ ఇరవైసార్లు నొక్కి వదిలి చూడండి. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందు నొక్కి వదలండి, టక్కున వెనక్కి రాకపోతే స్టార్ట్ చెయ్యొద్దు. ఎర్ర స్విచ్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని వెతికి పట్టుకోవడం నేర్చుకోండి.’ అదే అచ్చు వేశాం. నాలుగో వాక్యం నా గురించేనని నాకు తెలుసు.

పదకొండు మందికీ కొత్త ఉత్తరాలు వెళ్ళాయి. లాయర్లు చూసిన ఉత్తరాలే అయినా, కింద నాలుగు మాటలు చేత్తో రాయడానికి అనుమతి సంపాదించాను. ఏడుగురు జవాబిచ్చారు, మర్యాదగానే. ఆ పదకొండు మందిలో ఒకాయనకి భుజం దగ్గర ఎముక విరిగింది. ఆయన జవాబివ్వలేదు. రెండోసారి రాశాను, అప్పుడూ ఇవ్వలేదు. ఇవ్వాల్సిన బాధ్యత ఆయనకేమీ లేదు. ఆయన కేబుల్ మా దగ్గరికి వచ్చిన వాటిలో నాలుగోది. మూడో సంచి దగ్గరే నేను ఆగి ఆలోచించినా ఆయన దెబ్బని ఆపలేకపోయేదాన్ని, అది అప్పటికే జరిగింది. ఆ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను. కానీ నాలుగో సంచికి, పదకొండో సంచికి మధ్య ఎవరికీ ఏమీ కాకపోవడం నా గొప్ప కాదు. అది అదృష్టం. మీ ఉద్యోగంలో అదృష్టానికి మీ పేరు పెట్టుకోకండి.

తర్వాతి ఫిబ్రవరిలో ముగ్గురం మళ్ళీ వంతెన దాటి వెళ్ళాం. మూడు రోజులు మంచు కరిగి, మళ్ళీ గట్టిగా గడ్డకట్టిన వారం చూసుకుని మరీ వెళ్ళాం. ముందు రోజు సాయంత్రం ఆవిడ చేత బండిని కావాలనే గోరువెచ్చని నీళ్ళతో కడిగించాం. ఆవిడకది నచ్చలేదు. కార్డులో వద్దని రాసింది తనే కదా. పొద్దున లివర్ నొక్కి వదిలి చూశాం. టక్కున వచ్చింది. నేను హెల్మెట్ అందుకోబోతే ఆవిడ లాక్కుంది.

“మీరు పోయినసారి నడిపారు. ఇప్పుడు నా వంతు.”

పొలం పొడుగునా లివర్ ఒకేలా నొక్కిపట్టి పోయింది. చెట్ల దగ్గరికి చేరేసరికి మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఇంజిన్ హోరు ఠక్కున పడిపోయింది. బండి మెల్లగా తిరిగింది. మళ్ళీ హోరు, ఈసారి మా వైపు. మా ముందు నుంచే పోయింది గానీ ఆగలేదు. ఇంకో చుట్టు. మళ్ళీ చివర హోరు తగ్గడం, తిరగడం. పది చుట్లు చాలని ముందే అనుకున్నాం. అమ్మాయి పన్నెండు దాకా కాగితం మీద గీతలు పెట్టి, వేళ్ళు కొంకర్లు పోయి పెన్ను జేబులో పెట్టుకుంది.

“చాలు, వచ్చెయ్యమని చెప్పక్కా. నా ముక్కు ఉందో లేదో కూడా తెలుస్తలేదు.”

నేను చెయ్యి ఊపాను. ఆవిడ కూడా చెయ్యి ఊపి, మళ్ళీ చెట్ల వైపు పోయింది.

“టెస్ట్ ఇంకా అవలేదా?” అన్నాను టెక్నీషియన్‌తో.

ఆయన చేతులు చంకల్లో దాచుకుని, పొలం అవతల ఇంజిన్ తగ్గే చప్పుడు ఇంకోసారి విని, అన్నాడు. “టెస్ట్ ఎప్పుడో అయిపోయింది. ఆవిడ ఇప్పుడు సరదాగా తిరుగుతోంది.”

మేం ముగ్గురం ఆ చలిలో ఇంకో అరగంట నిలబడ్డాం. ఎవరం ఆపమనలేదు.